రోడ్డు మీద ‘తేడాగాడు’ అని పిలిస్తే: పలకాలా, వదిలేయాలా

రాత్రి ఏడున్నర. నెల్లూరు ఆత్మకూరు బస్టాండ్ దగ్గర టీ కొట్టు ముందు నలుగురు కుర్రోళ్ళు బండ్లకి ఆనుకుని ఉంటారు. మీరు వాళ్ళని దాటి రెండడుగులు వేశాక వెనక నుంచి ‘ఒరేయ్ పాయింట్ ఫైవ్’ అని వినిపిస్తుంది. ఒక నవ్వు, దాని మీద ఇంకో నవ్వు. మెడ వెనక వేడెక్కుతుంది. ఆగాలో నడవాలో కాళ్ళు తేల్చుకోలేవు.

తిరిగి ఒక మాట అనాలా, విననట్టు పోవాలా అన్నది ఆ క్షణంలో పౌరుషం లెక్కలా అనిపిస్తుంది. మేము దాన్ని దారి లెక్క అంటాం. బయటపడే దారి ఉంటే మాట్లాడొచ్చు, లేకపోతే ముందు దారి చూసుకోవాలి. నోరు మూసుకుని పోయినవాళ్ళని పిరికివాళ్ళని అనే హక్కు ఎవరికీ లేదు. ఒంటి మీద దెబ్బ పడకుండా ఇల్లు చేరడం మొదటి పని. రేపు కావాలంటే నిలదీయగలిగేలా గుర్తులు మిగుల్చుకోవడం రెండో పని.

గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్ళ కోసం, నడక వల్లో గొంతు వల్లో కాటుక వల్లో ఇలాంటి మాటలు పడే ప్రతి ఒక్కరి కోసం ఇది రాస్తున్నాం. పెద్ద నగరాల సలహాలు మన జిల్లాల్లో సగమే పనికొస్తాయి. హైదరాబాద్‌లో తిట్టినవాడు మళ్ళీ కనపడడు. కావలిలో తిట్టినవాడు మీ చిన్నాన్న కొడుకుతో చదువుకున్నవాడై ఉంటాడు.

దారి, మంది, మొఖం

మాట చెవిన పడగానే, నడక ఆపకుండా, మూడు సంగతులు చూడండి. పది సెకన్లు చాలు.

మొదటిది దారి. ముందు వెలుతురు, జనం, తెరిచిన షాపు ఉన్నాయా? వాళ్ళు మీ వెనక ఉన్నారా, మీకూ ఆ వెలుతురుకీ మధ్య ఉన్నారా? ట్రంకు రోడ్డులో, గాంధీ బొమ్మ దగ్గర, రాత్రి తొమ్మిదింటికి కూడా షాపుల ముందే నడుస్తూ పోవచ్చు. అదే చెరువు కట్ట నెక్లెస్ రోడ్డులో జనం పల్చబడ్డాక, మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల పక్క సరుగుడు తోటల్లో, పిలిచినా పలికేవాళ్ళు ఉండరు. దారి లేనిచోట నోరు తెరవొద్దు. కింద చెప్పేవన్నీ దీని తర్వాతే.

రెండోది మంది. ఒక్కడున్నప్పుడు వాడి మాట మీకోసం. ముగ్గురు నలుగురున్నప్పుడు ఆ మాట పక్కనున్న స్నేహితుల కోసం. మీరు జవాబిస్తే వాడు వెనక్కి తగ్గలేడు, తగ్గితే వాళ్ళ ముందు పలచనైపోతాడు. గుంపుతో మాటకి మాట అనుకోవడం దెబ్బల దాకా పోయేది అందుకే. వైన్‌షాపు పక్కనైనా, మందు వాసన వచ్చినా, ఒక్కడున్నా గుంపు కిందే లెక్కేయండి. బైక్ మీద పోతూ అరిచినవాడికి జవాబు చెప్పడానికి ఏమీ లేదు. నంబరు చూడండి, చాలు.

మూడోది మొఖం. తెలియనివాడితో గొడవ అక్కడే ముగిసిపోతుంది. తెలిసినవాడిది మీ గుమ్మం దాకా వస్తుంది. దానికి వేరే పద్ధతి ఉంది, తర్వాత చెప్తాం.

దారి ఉంది, ఉన్నది ఒక్కడే, మందులో లేడు, చుట్టూ వెలుతురుంది. ఇవన్నీ కలిసినప్పుడు మాట్లాడటం పనిచేస్తుంది. ఒక్కటి తగ్గినా పోవడమే మంచిది.

తిట్టినవాడు డ్యూటీలో ఉంటే, అంటే హోటల్ సర్వరో, బట్టల షాపు సెక్యూరిటీనో, సినిమా హాలు గేటు దగ్గర ఉండేవాడో అయితే, వాడితో వాదించొద్దు. షర్టు మీద పేరు, టైము చూసుకుని లోపల మేనేజర్‌తో చెప్పండి. ‘మీ గేటు దగ్గర ఉన్నాయన నన్ను ఈ మాట అన్నాడు, మీరు పిలిచి అడగండి’ అంటే సరిపోతుంది. మీరు ఎవరో, ఏమిటో మేనేజర్‌కి చెప్పక్కర్లేదు.

పలక్కుండా పోవడం ఎలా

విననట్టు పోవడానికీ ఒక పద్ధతి ఉంది. తల ఎత్తి, దూరంగా కనిపించే ఏదో ఒక బోర్డు మీద చూపు పెట్టండి. మొదటి పదిహేను అడుగులు వేగం పెంచొద్దు. ఉన్నట్టుండి వేగం పెంచితే మాట తగిలిందని వాళ్ళకి తెలిసిపోతుంది, ఇంకో మాట విసురుతారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఒకటి తీసేయండి, వెనక అడుగుల చప్పుడు వినపడాలి. ఫోన్ చేతిలో ఉండాలి, కళ్ళు మాత్రం రోడ్డు మీద ఉండాలి.

తర్వాత రోడ్డు దాటండి. వాళ్ళు ఉన్నచోటే ఉంటే వ్యవహారం అయిపోయినట్టే. వాళ్ళూ దాటారంటే వెంటపడుతున్నట్టు.

వెంటపడుతుంటే నేరుగా ఇంటికి వెళ్ళకండి. భయంలో అందరూ చేసే తప్పు ఇదే. ఇల్లు చూపిస్తే రేపట్నుంచి ఆ వీధి మలుపులోనే నిలబడతారు. కెమెరా, మనుషులు ఉన్నచోటికి వెళ్ళండి: పెట్రోల్ బంకు, మెడికల్ షాపు, ఆసుపత్రి రిసెప్షన్. నెల్లూరులో అయితే పొగతోట ఆసుపత్రుల వైపు ఎంత రాత్రయినా మనుషులుంటారు. ఒంగోలులో అద్దంకి బస్టాండ్ సెంటర్ వైపు తిరగండి. లోపలికి వెళ్ళి, ‘అన్నా, ఎవరో నా వెంట పడ్తన్నారు, ఐదు నిమిషాలు ఇక్కడ నిలబడతా’ అనండి. ఎందుకు పడుతున్నారో చెప్పాల్సిన పని లేదు.

అక్కడి నుంచి 112కి చేయండి. ముందు చోటు చెప్పండి, తర్వాత ఏం జరుగుతోందో, ఎంతమంది ఉన్నారో. కాల్ మధ్యలో తెగినా మీరెక్కడున్నారో వాళ్ళ దగ్గర ఉంటుంది. ‘మినీ బైపాస్’ అంటే చాలదు, అది పొడుగు రోడ్డు. పక్కనున్న గుడో, బంకో, హోటలో పేరుతో చెప్పండి. చాలా స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ వరసగా నొక్కితే ఎమర్జెన్సీ కాల్ పోతుంది. మీ ఫోన్‌లో అది ఎన్నిసార్లు నొక్కాలో ఇంట్లో ఉన్నప్పుడే సెట్టింగ్స్‌లో చూసి పెట్టుకోండి.

మౌనానికి ఒక నష్టం ఉంది, అది దాచకూడదు. రోజూ పోయే దారిలో, అదే కొట్టు ముందు, అదే మనిషి అంటుంటే మీ మౌనాన్ని వాడు ఒప్పుకోలుగా తీసుకుంటాడు. మాటతో మొదలైనవాడు వారం తిరిగేసరికి చెయ్యి వేస్తాడు. మా లెక్కలో రెండుసార్లు వదిలేయొచ్చు, మూడోసారి వదలకూడదు. వదలకూడదు అంటే అక్కడికక్కడే కొట్లాడమని అర్థం చేసుకోకండి. అప్పటికి రెండుసార్ల తేదీ, టైము మీ దగ్గర రాసి ఉండాలి, మీ పక్కన ఒక మనిషి ఉండాలి.

ఎదురు మాట అనాలనుకుంటే

ఒక్క వాక్యం. ఒక్కసారి. తక్కువ గొంతుతో, ఒక బండి పట్టేంత దూరం నుంచి. అనేసి నడక సాగించాలి, వాడి జవాబు కోసం ఆగకూడదు.

‘ఆ మాట అనొద్దు. నా దారిన నేను పోతన్నా.’ ఇది చాలు. ‘ఏందీ, ఏమన్నావ్?’ అని అడగొద్దు. అడిగితే వాడు మళ్ళీ అంటాడు, ఈసారి పక్కవాళ్ళకి కూడా వినపడేలా. ప్రశ్న వేయడమంటే వాడికి ఇంకో అవకాశం ఇవ్వడమే.

మన భాషలో గొడవ పెద్దదయ్యేది ఎక్కువగా తిట్టు దగ్గర కాదు, ‘రా’ దగ్గర. వాడు మిమ్మల్ని ఎంత మాటైనా అని ఉండొచ్చు. మీరు కోపంలో ‘ఎవుర్రా నువ్వు’ అన్నారంటే, చుట్టూ చేరిన జనానికి అక్కణ్ణుంచి ‘నన్ను రా అంటాడా’ అన్నదే పంచాయితీ అవుతుంది. వాడన్న మాట అందరూ మర్చిపోతారు. అందుకే మీ వయసువాడినైనా ‘మీరు’ అనండి, లేదా ‘బ్రదర్’ అనండి. పెద్దవాళ్ళయితే ‘పెద్దాయనా, ఆ మాట బాగలేదు’ అంటే చాలు. సాటి వయసువాణ్ణి ‘తమ్ముడూ’ అంటే కొందరికి రెచ్చగొట్టినట్టు ఉంటుంది, వద్దు. ‘మా బాబాయ్ ఎవరో తెలుసా’ అని ఎత్తుకోవడం అసలే వద్దు. దాంతో మీ ఇంటి పేరు, వీధి, కులం అన్నీ నడిరోడ్డు మీదికొస్తాయి. నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్ళలో అవి గంటలో మీ ఇంటికి చేరతాయి.

ఇంకో తప్పు, నేను అలాంటివాణ్ణి కాదని రుజువు చేయబోవడం. నిజమైనా కాకపోయినా ఆ మాట పనిచేయదు. వాడడిగేది సమాధానం కాదు కదా. పైగా ఆ మాట అన్నందుకు రాత్రి పడుకున్నాక మీ మీద మీకే కోపమొస్తుంది.

వాడు దగ్గరికి వస్తుంటే గొంతు పెంచండి, ఈసారి జనం కోసం. ‘ఎవరైనా సాయం చేయండి’ అంటే ఎవరూ కదలరు, ప్రతి ఒక్కరూ పక్కవాడు పోతాడులే అనుకుంటారు. ఒక మనిషిని పట్టుకోండి: ‘నీలం చొక్కా అన్నా, కాస్త ఇటు రండి, ఈయన నన్ను పోనీయడం లేదు.’ పేరు పెట్టి పిలిచినట్టు పిలిస్తే మనిషి కదులుతాడు.

ఇద్దరు కలిసి బయటికెళ్తే మాట్లాడేది ఎవరో ముందే అనుకోండి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే ఆపేవాళ్ళుండరు. ‘చార్జింగ్ అయిపోతా ఉంది, పోదాం’ లాంటి ఒక గుర్తుమాట పెట్టుకోండి. ఆ మాట ఎవరన్నా సరే, కారణం అడక్కుండా రెండోవాళ్ళు కదలాలి.

ఆటో, బస్సు, రైలు

బండిలో ఉన్నప్పుడు దారి మీ చేతిలో ఉండదు, కాబట్టి అక్కడ ఎదురు మాట వద్దు. షేర్ ఆటోలో చివర కూర్చోండి, మధ్యలో ఇరుక్కోవద్దు. మాటలు మొదలైతే చీకటి చోట దిగకండి. వచ్చే సెంటర్‌లో ‘ఇక్కడ ఆపన్నా’ అని దిగి, డబ్బులిచ్చి, నంబరు చూసుకోండి. ఒకప్పుడు నెల్లూరు బండి ఏపీ 26, ప్రకాశం బండి ఏపీ 27. 2019 నుంచి కొత్త బండ్లకి జిల్లాతో పనిలేకుండా ఏపీ 39 వరస వచ్చింది. ఆ ముందు భాగం గుర్తుంటే ఉపయోగం లేదు. మధ్యలోని అక్షరాలు, చివరి నాలుగు అంకెలు కావాలి. నోట్ చేసుకునే తీరిక లేకపోతే మీ వాట్సాప్‌లో మీకే వాయిస్ మెసేజ్ పెట్టుకోండి, టైము కూడా దానంతటదే పడుతుంది.

ఆర్టీసీ బస్సులో నేరుగా కండక్టర్ దగ్గరికి పోయి ఆయన పక్కనే నిలబడండి. కండక్టర్ లేని సర్వీసైతే డ్రైవర్ వెనక సీటుకి రండి. టికెట్ పారేయొద్దు. ఏ బస్సు, ఎన్నింటికి అన్నదానికి అదే రుజువు.

రైల్లో అయితే 139. కోచ్ నంబరు, వచ్చే స్టేషన్ పేరు చెప్పాలి. పినాకిని లాంటి పగటి రైళ్ళలో జనరల్ పెట్టెలో మాటలు ఎక్కువైతే, బండి ఆగిన మొదటి స్టేషన్‌లోనే పెట్టె మారండి. నెల్లూరులో, ఒంగోలులో ప్లాట్‌ఫాం మీదే రైల్వే పోలీసులుంటారు.

రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర ఉండే రద్దీ లాంటిది వేరే. అక్కడ మాటకన్నా చెయ్యి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, అది ఎవరిదో తెలియదు. ఎవరిదని వెతక్కుండా ‘చెయ్యి తియ్’ అని గట్టిగా అరిచి, పోలీసు డేరా వైపు నడవండి.

తెలిసినవాడైతే

అసలు కష్టం ఇక్కడ. అన్నవాడు మీ వీధి చివర బంకు కొట్టువాడు, మీ తమ్ముడి క్రికెట్ స్నేహితుడు, కాలేజీ సీనియర్. వాడి చేతిలో ఉండే ఆయుధం తిట్టు కాదు, ‘మీ నాన్నకి చెప్తా’ అన్న మాట.

వాడితో గుంపు ముందు మాట్లాడొద్దు, వాడు ఒంటరిగా దొరికే టైము చూసుకోండి. పగలు, వాడి కొట్టు దగ్గరో ఇంటి దగ్గరో కాకుండా నలుగురూ తిరిగే చోట, మీ పక్కన మీ సంగతి తెలిసిన ఒక మనిషి కాస్త ఎడంగా ఉండగా. చెప్పాల్సింది ఇంత: ‘మొన్న శనివారం, నిన్న, నన్ను ఆ మాట అన్నావ్. టైముతో సహా రాసి పెట్టుకున్నా. ఇంకోసారి అంటే కంప్లైంట్ ఇస్తా.’ బతిమాలొద్దు, బెదిరించొద్దు. చేయగలిగిందే చెప్పండి, చెప్పింది చేయండి. కంప్లైంట్ ఇచ్చే ఉద్దేశం లేకపోతే ఆ వాక్యం అనకండి, ఉత్తమాట అని తెలిస్తే రెట్టింపు చేస్తాడు.

మీ ఇంట్లో ఇంకా తెలియకపోతే వాడితో మాట్లాడకముందే ఒక లెక్క వేసుకోండి. వాడు నిజంగానే మీ నాన్నకి చెప్తే ఆ రాత్రి మీరు ఎక్కడ పడుకుంటారు? ఒక స్నేహితుడి ఇల్లు, నాలుగు రోజులకి సరిపడా డబ్బు, ఆధార్, సర్టిఫికెట్లు, బ్యాంకు కార్డు ఒకేచోట ఉండాలి. అవి లేకపోతే ముందు అవి సమకూర్చుకోండి. ఈలోగా దారి మార్చి తిరగడం తప్పేమీ కాదు. ఇంట్లో ఒక్కరైనా, అక్కో మేనత్తో, మన వైపు ఉంటారనుకుంటే వాళ్ళకి మీ నోటితో ముందే చెప్పడం మేలు. వాడి నోటి నుంచి వినడానికీ మీ నోటి నుంచి వినడానికీ చాలా తేడా ఉంటుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 18 నిండిన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 సెక్షనే లేదు. కాబట్టి ‘కేసు పెట్టిస్తా’ అనేది ఉత్త బెదిరింపు. పరువు తీస్తానని బెదిరించడమే నేరం, అది 351 కింద వస్తుంది. పరువు తీయకుండా ఉండటానికి డబ్బు అడిగితే 308, దానికి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది.

డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాడు పిలిచి, అక్కడ ఇంకో ముగ్గురు ‘మేం పోలీసులం’ అని చుట్టుముట్టి ఫోన్‌పే చేయమనడం కూడా ఈ 308 కిందకే వస్తుంది. మొదటిసారి కలిసేది జనం ఉన్నచోటే కలవండి. చిక్కుకుంటే అక్కడ వాదించకండి, ప్రాణం ముందు. డబ్బు పంపాల్సి వస్తే చేతికివ్వకుండా యూపీఐలో పంపండి, పోయిన ఖాతా గుర్తు మిగులుతుంది. బయటపడగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత. చాట్ డిలీట్ చేయొద్దు, సిగ్గుతో అందరూ ముందు చేసే పని అదే. బయటికెళ్ళేముందు ఫోన్‌కి వేలిముద్ర లాక్ తీసి నంబరు లాక్ పెట్టుకోండి, వేలు బలవంతంగా పెట్టించడం తేలిక.

చెయ్యి పడితే

విడిపించుకోవడానికి తోయొచ్చు, కొట్టొచ్చు కూడా. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, అవసరానికి మించకూడదు అంతే. వాడు వదిలాక మీరు కొట్టే ఒక్క దెబ్బ మీ కేసుని ‘ఇద్దరూ కొట్టుకున్నారు’ అనే కౌంటర్ కేసుగా మార్చేస్తుంది. విడిపడగానే పరుగే.

దెబ్బలుంటే ముందు ఆసుపత్రి, తర్వాత స్టేషన్. నెల్లూరులో పెద్దాసుపత్రికి, ఒంగోలులో రిమ్స్‌కి, మిగతా ఊళ్ళలో ఏరియా ఆసుపత్రికి పోయి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు కేసుకి పనికొచ్చే దెబ్బల రికార్డుగా, రాయమని అడగండి. సిగ్గుపడి ‘బైక్ మీంచి పడ్డా’ అని చెప్పారంటే ఆ కాగితం మీకే ఎదురు సాక్ష్యం అవుతుంది. ‘కొట్టారు’ అంటే చాలు, ఎందుకు కొట్టారో డాక్టర్‌కి అక్కర్లేదు. పన్ను కదిలినా, వేలు వాచినా చెప్పి ఎక్స్‌రే తీయించుకోండి. పన్ను ఊడినా ఎముక విరిగినా చట్టం దాన్ని తీవ్ర గాయంగా చూస్తుంది, సెక్షన్ మారిపోతుంది. కమిలిన చోట్లు మర్నాటికి గానీ రంగు తేలవు. అదే రోజు ఒకసారి, మర్నాడు ఒకసారి, ఆ తర్వాతి రోజు ఇంకోసారి ఫొటో తీయండి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి, మీ ముఖం కనపడేలా ఒకటి, దగ్గర నుంచి ఒకటి.

లైంగికంగా దాడి జరిగితే స్నానం చేయకుండా, బట్టలు ఉతక్కుండా, ఆ బట్టల్ని కాగితపు కవర్లో పెట్టి వెళ్ళండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది, 28 రోజులు వాడాలి. పెద్దాసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్ అని అడగండి. మగవాళ్ళకి కూడా ఇస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు.

ఆ రాత్రి కాగితం మీద

పలికినా పలక్కపోయినా, ఇంటికొచ్చాక నీళ్ళు తాగి, రెండు ముద్దలు తిని, పడుకోకముందే రాసుకోండి. పొద్దున్నకి సగం మర్చిపోతారు. తేదీ, టైము, చోటు, ఎంతమంది, బట్టల రంగు, బండి నంబరు, పక్కన ఎవరున్నారు, కెమెరా ఎక్కడుంది. వాడన్న మాట వాడన్నట్టే రాయండి. ‘అసభ్యంగా దూషించాడు’ అని రాస్తే ఏ మాట అన్నాడో ఎవరికీ తెలియదు. కెమెరా రికార్డు కొద్ది రోజులకే చెరిగి కొత్తది ఎక్కుతుంది కాబట్టి మర్నాడే షాపాయన్ని కలిసి, చెరపకుండా ఉంచమని అడగండి.

ఫిర్యాదు ఇలా ఉంటే సరిపోతుంది: ‘నేను ఫలానా తేదీ రాత్రి 8:40 గంటలకు ట్రంకు రోడ్డులో నడిచి వెళ్తుండగా, ఫలానా షాపు ముందు, సుమారు 25 ఏళ్ళ వ్యక్తి నా దారికి అడ్డం నిలబడి, “…” అని తిట్టి, కాలర్ పట్టుకుని ఎడమ చెంప మీద కొట్టినాడు. అతనితో ఇద్దరు ఉన్నారు. బండి నంబరు ఇది. షాపు ముందు కెమెరా ఉంది. తగు చర్య తీసుకోవలసిందిగా కోరుచున్నాను.’

ఇందులో ‘దారికి అడ్డం నిలబడి’ అన్న ముక్క చిన్నదిగా కనపడుతుంది గానీ చాలా ముఖ్యం. కేవలం అవమానించడం 352 సెక్షన్, ఊరికే చెంప మీద కొట్టడం 115. వీటికి పోలీసులు కోర్టు అనుమతి లేకుండా దర్యాప్తు మొదలుపెట్టలేరు. దారి అడ్డగించడం 126, నలుగురిలో బూతు మాట అనడం 296. వీటికి నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చు. జరిగిందే రాయండి, జరిగిందాంట్లో ఏదీ వదలొద్దు. మీరు గే అనో లెస్బియన్ అనో రాయాల్సిన అవసరం ఈ సెక్షన్లలో దేనికీ లేదు. అమ్మాయిలని మాటలతో, సైగలతో అవమానిస్తే 79 కూడా వస్తుంది. ట్రాన్స్ వ్యక్తులు మాత్రం ఆ సంగతి రాసి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల 2019 చట్టం 18వ సెక్షన్ వేయమని అడగాలి, ఐడీ కార్డు ఉంటే జిరాక్స్ జత చేయాలి. ట్రాన్స్ మహిళ కూడా మహిళేనని, భర్త, అత్తింటివాళ్ళ వేధింపుల మీద 498ఏ కింద ఫిర్యాదు చేయొచ్చని మన హైకోర్టు 2025లో చెప్పింది. స్టేషన్‌లో ఎవరైనా ఎగతాళి చేస్తే ఆ సంగతి గుర్తుచేయండి.

స్టేషన్‌కి ఒంటరిగా పోవద్దు, పగలు పోండి, రెండు కాపీలు పట్టుకెళ్ళి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. ఫోన్ నంబరు మీ సొంతది ఇవ్వండి, ఇంట్లోవాళ్ళది కాదు. ‘ఇది మా లిమిట్స్ కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. అయినా తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, లేదా సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే గ్రీవెన్స్‌లో ఇవ్వండి. వకీలు కావాలంటే 15100, అది న్యాయ సేవాధికార సంస్థది. నెల్లూరు, ఒంగోలు కోర్టు ఆవరణల్లో వాళ్ళ ఆఫీసులున్నాయి.

పెద్దమనుషులు రాజీ అంటారు. రాజీకి ఒప్పుకోవాలనుకుంటే మీ ఇష్టం, కానీ కాగితం మీద రాయించండి: ఇకపై మాట అనను, వెంటపడను, ఎవరికీ ఏమీ చెప్పను అని, వాడి సంతకంతో. రోజూ ఏడిపించే బ్యాచ్ అయితే బైండోవర్ అడగండి. ఏడాది దాకా గొడవ చేయబోమని వాళ్ళు తహశీల్దార్ ముందు పూచీ ఇవ్వాల్సి వస్తుంది. ఒక్కోసారి పోలీసులు రెండు వైపులా బైండోవర్ చేసేస్తారు, అందుకే మీరు తిరిగి తిట్టకపోవడం అప్పుడు అక్కరకొస్తుంది.

రోజులు గడిచినా నిద్ర పట్టకపోతే, ఆ వీధి తలుచుకుంటేనే గుండె దడ వస్తుంటే, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మీరు పక్కన ఉన్నవాళ్ళయితే

ఎవరినో ఏడిపిస్తుంటే చూసి ఊరుకోలేకపోతున్నారా? తిట్టేవాడి మీదికి వెళ్ళొద్దు. తిట్టించుకుంటున్న మనిషి దగ్గరికి వెళ్ళండి, తెలిసినవాళ్ళలాగా: ‘ఏందబ్బా, ఇక్కడున్నావా, నీకోసం బస్టాండంతా వెతికా, పద.’ వాళ్ళకి ఒక్క క్షణం అర్థం కాదు, తర్వాత మీతో నడిచొస్తారు. ‘గే అయితే ఏంది తప్పు?’ అని మాత్రం అనకండి. మీరు మంచి ఉద్దేశంతోనే అన్నా, ఆ మనిషి సంగతి పదిమందిలో మీ నోటితోనే ఖాయం చేసినట్టవుతుంది. టీ కొట్టాయన్ని, ఆటో స్టాండ్ పెద్దాయన్ని కలుపుకోండి. ఆ చోటికి పెద్ద ఎవరో ఆయన ఒక్క మాట అంటే కుర్రోళ్ళు సర్దుకుంటారు.

నాలుగడుగులు పోయాక ‘ఇంటిదాకా రానా, ఆటో ఎక్కించనా?’ అని అడగండి, వద్దంటే బలవంతపెట్టొద్దు. వీడియో తీసి ఉంటే వాళ్ళ నంబరు అడిగి వాళ్ళకే పంపండి. మీ ఫోన్‌లో అసలు కాపీ చెరపకుండా ఉంచండి, కోర్టుకి అదే కావాలి. ఏ గ్రూపులోనూ పెట్టకండి.